ఊరిలోనే విడిది

సెలవు అనగానే మనకు రైలు జ్ఞాపకము వచ్చును. టిక్కెట్ల కొరకు రెండు నెలలు ముందుగా ప్రయత్నము చేయుట, పెట్టెలు సర్దుట, పులిహోర మూటగట్టుట, పాలవానికిని పనిమనిషికిని చెప్పవలసినవి చెప్పుట, తీరా తిరిగివచ్చిన మరునాడే బడలిక తీరకుండ కార్యాలయమునకు పరుగెత్తుట - ఇవి యన్నియు సెలవులోని భాగములే. ఇంత శ్రమపడి మనము తెచ్చుకొన్నది విశ్రాంతియేనా యని ప్రతి యింటను ఎవరో ఒకరు అడుగుచునే యుందురు.

ఈ ప్రశ్నకు కొన్ని దేశముల పట్టణవాసులు ఒక వింత సమాధానము కనుగొనిరి. శనివారము మధ్యాహ్నము ఇంటికి తాళము వేసి, భుజమునకు ఒక సంచి తగిలించుకొని, తమ యూరిలోనే ఆరేడు కిలోమీటర్ల దూరమునగల ఒక చిన్న హోటలులో దిగుదురు. ఆ రాత్రి అచట నిద్రించి, ఆదివారము మధ్యాహ్నమునకు ఇల్లు చేరుదురు. సొంత యిల్లుండగా అదే యూరిలో అద్దెగది యేల యని మన పెద్దలు నవ్వవచ్చును. అయినను ఈ యలవాటు ఎట్లు పుట్టినదో, ఎచట వేళ్ళూనినదో తెలిసికొన్నచో అందు మనకు పనికివచ్చు విషయము కొంత కానవచ్చును.

ఈ యలవాటునకు ఇంగ్లీషులో ‘స్టేకేషన్’ అని పేరు. ఉండుట యను అర్థముగల ‘స్టే’ను, సెలవు యను అర్థముగల ‘వెకేషన్’ను అతికి చేసిన మాట యిది. క్రొత్తదిగా తోచినను ఇది 1944లోనే అమెరికాలో ఒక పత్రికాప్రకటనలో అచ్చయినది. అవి రెండవ ప్రపంచయుద్ధపు రోజులు. పెట్రోలునకు రేషను ఉండెను. దూరప్రయాణములు మాని ఊరిపట్టున నుండుడని ప్రజలకు నచ్చజెప్పవలసిన కాలమది. తరువాత చాలకాలము మరుగునపడి, 2008లో ఆర్థికమాంద్యము వచ్చినప్పుడు మరల వాడుకలోనికి వచ్చినది. కనుక మొదట ఇది లోటుకు పెట్టిన ముద్దుపేరే. కోరి చేయు పనిగా మారినది తరువాతి కాలమున.

ఇక రెండవ మాట ‘బొటీక్’. మన పట్టణములలో ఈ మాట రవికలు, పట్టు లంగాలు కుట్టు దుకాణముల బోర్డులపై కనిపించును. అది ఫ్రెంచి మాట. చిన్న దుకాణమని అర్థము. పెద్ద వస్త్రాలయములో ఒకే తీరు సరకు వందలకొలది దొరకును. చిన్న దుకాణములో యజమాని యభిరుచి ప్రతి వస్తువునందును తెలియును. హోటళ్ళలోను ఇట్టి భేదమే యేర్పడినది. వేయి గదులుండి, ఏ దేశమునకు పోయినను ఒకే రంగు తెర, ఒకే ఆకారపు మంచము కనిపించునవి ఒక తెగ. గదులు కొద్దిగా మాత్రమే యుండి, ఒక్కొక్క గదికి ఒక్కొక్క రూపముండి, ఆ వీధికిని ఆ భవనమునకును సంబంధించిన అలంకారముతో నుండునవి మరియొక తెగ. ఈ రెండవ తెగకు 1978లో లండనులో అనౌష్కా హెంపెల్ తెరచిన బ్లేక్స్, 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బిల్ కింప్టన్ ప్రారంభించిన బెడ్‌ఫర్డ్, 1984లో న్యూయార్కులో ఇయాన్ ష్రాగర్, స్టీవ్ రుబెల్ అను భాగస్వాములు తెరచిన మార్గన్స్ మార్గదర్శకములని చెప్పుదురు. తమ హోటలును బొటీకుతో పోల్చి ఈ పేరునకు ప్రచారము కల్పించినవాడు రుబెల్ అని ప్రసిద్ధి.

ఊరిలోని విడిది, చిన్న హోటలు - ఈ రెండును చక్కగా కలిసిన తావు సింగపూరు. అందులకు కారణములు స్పష్టముగా నున్నవి. ఆ దేశము ఒకే యొక నగరము. తూర్పు పడమరలుగా సుమారు 50 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణములుగా సుమారు 27 కిలోమీటర్లు. విజయవాడలో బయలుదేరి గుంటూరు దాటి కొంత దూరము పోయినచో వారి దేశమంత పొడవు ప్రయాణము చేసినట్లే. వేసవిలో అమ్మమ్మగారి పల్లెకు పోవుదమన్న అట్టి పల్లె యచట లేదు. ఊరు దాటుట యనగా సముద్రమైనను దాటవలెను, సరిహద్దైనను దాటవలెను.

రెండవ కారణము వారి యిండ్లు. అచటి స్థిరనివాసులలో నూటికి 75 మందికి పైగా ప్రభుత్వ గృహనిర్మాణమండలి కట్టించిన ఎత్తైన మేడలలో నివసింతురు. శుభ్రమైన యిండ్లే, నీరు, దీపములు, లిఫ్టులు అన్నియు నమరియున్నవి. కాని యొక అంతస్తు మరియొక అంతస్తు వలెనే యుండును. అట్టి యింటిలో పుట్టి పెరిగిన యువదంపతులు వారాంతపు విడిదికై తరచుగా కోరునది తమ తాతలనాటి ‘షాప్‌హౌసు’ను. ఈ షాప్‌హౌసు కథ కొంచెము తెలిసికొనవలెను.

షాప్‌హౌసు అనగా క్రింద అంగడి, పైన నివాసము గల ఇల్లు. రెండు మూడు అంతస్తులుండును. వీధివైపు వెడల్పు సుమారు అయిదారు మీటర్లు మాత్రమే. లోనికి మాత్రము చాల పొడవు. ఇరుప్రక్కల గోడలు పొరుగిండ్లతో ఉమ్మడి. కనుక గాలికిని వెలుతురునకును నడుమ ఆకాశము కనిపించు ఖాళీచోటు నొకదానిని విడుతురు. మన గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిలి నెరిగినవారికి ఇది వెంటనే బోధపడును. ముందువైపు, ఎండవానలనుండి బాటసారిని కాచుటకు కప్పుగల నడవ యొకటి వీధి పొడవునను సాగును. దానిని అయిదడుగుల దారి యందురు. వీధికిరువైపుల ఇట్టి వసారా తప్పక యుండవలెనని 1822లో స్టాంఫర్డ్ రాఫిల్స్ నగరనిర్మాణమునకై యిచ్చిన ఉత్తరువులలో నున్నది.

ఈ యిండ్ల వెనుకటి జీవితము సుందరమైనది కాదు. చైనానుండి, మనదేశమునుండి కూలికై వచ్చినవారు పెరిగినకొలది ఒక్కొక్క అంతస్తును చెక్కబల్లలతో చిన్న చిన్న అరలుగా విభజించిరి. ఒక్కొక్క అరలో ఒక కుటుంబము. నడుమనున్న అరలకు కిటికీయే లేదు. వంటయిల్లు అందరకు నొక్కటే, మరుగుదొడ్డియు నొక్కటే. అప్పర్ నాన్‌కిన్ వీధిలో ఇట్టి సంసారముల స్థితిని బారింగ్టన్ కే యను పండితుడు పరిశీలించి వ్రాసిన గ్రంథము 1960లో వెలువడినది. అదే సంవత్సరము ఫిబ్రవరిలో గృహనిర్మాణమండలి యేర్పడినది. అరలలోని ప్రజలు క్రమముగా మేడలకు తరలిపోయిరి. ఆ పాత యిండ్లకు 1947 నాటి అద్దెల నియంత్రణ చట్టము వర్తించుచుండుటచే అద్దెలు స్వల్పము. అద్దె స్వల్పమైనచోట మరమ్మతు చేయు యజమాని అరుదు. పెంకులు జారి, దూలములు పుచ్చి, వీధులకు వీధులే కూలగొట్టబడినవి.

అట్లు పోగా మిగిలినవానిని కాపాడవలెనని 1989లో చైనాటౌను, లిటిల్ ఇండియా, కాంపోంగ్ గ్లాం మున్నగు ప్రాంతములను సంరక్షణక్షేత్రములుగా ప్రకటించిరి. ముందుగోడ, పైకప్పు, నడుమ ఖాళీచోటు మొదలగు ముఖ్యలక్షణములు చెడగొట్టరాదు. లోపల నేటి వసతు లమర్చుకొనవచ్చును. ఇట్లు రక్షింపబడిన కట్టడములు నేడు 7,000కు పైగా నున్నవి. కాని కట్టడమును నిలుపుటకు చట్టము చాలదు. దానికి జీతము కావలెను. ఏటేట రంగు, నాలుగేండ్ల కొకసారి కప్పు, చెదలకు మందు - ఈ కర్చు ఎవరు భరింతురు? ఇచటనే చిన్న హోటలు అక్కరకు వచ్చినది. కియోంగ్ సైక్ వీధిలో 1929లో కట్టిన షాప్‌హౌసుల వరుసను బాగుచేయించి, ఆ సంవత్సరమునే పేరుగా పెట్టి, 2003లో ‘హోటల్ 1929’ తెరచిరి. గదులు 32. లిటిల్ ఇండియాలోని డిక్సన్ వీధిలో 1920 దశకమునాటి ఒక పాఠశాల భవనము 2010లో ‘వాండర్‌లస్ట్’ అను 29 గదుల హోటలైనది. ఇట్టివి మరికొన్ని.

తాతలు విడిచి బ్రతికిపోతిమని తలచిన యింటిలో మనుమలు సొమ్ము చెల్లించి ఒక రాత్రి నిద్రించుచున్నారు. ఇందు హాస్యమున్నది, అర్థమును ఉన్నది. తాతకు ఆ కిటికీలేని గది విధి. మనుమనికి అది ఒక రాత్రి ముచ్చట. నడుమనున్న అరువది యేండ్లలో ఆ దేశమెంత దూరము నడచినదో కొలుచుటకు ఈ యొక్క గది చాలును.

2020లో కోవిడ్ వ్యాధి ఈ యలవాటును ఇంటింటికి తెచ్చినది. సరిహద్దులు మూతపడినవి. పరదేశియాత్రికులు లేక హోటళ్ళు వెలవెలబోయినవి. కొన్నిటిని ప్రయాణికుల నిర్బంధవాసమునకు వాడుకొనిరి. అప్పుడు సింగపూరు ప్రభుత్వము 18 ఏండ్లు నిండిన ప్రతి పౌరునకు 100 సింగపూరు డాలర్ల విలువగల కూపనుల నిచ్చినది. మొత్తము కేటాయింపు 32 కోట్ల డాలర్లు. 2020 డిసెంబరు మొదలుకొని తమ దేశమునందలి హోటళ్ళకు, దర్శనీయస్థలములకు, నగరవిహారములకు వానిని వాడుకొనవచ్చును. 2021 జూనుతో ముగియవలసిన గడువును ఆ సంవత్సరాంతమువరకు పొడిగించిరి. విదేశములకు పోయి కర్చుచేయు అలవాటున్న ప్రజ, పోవుటకు వీలులేని ఆ రోజులలో, తమ యూరిని తామే అతిథులవలె చూచుట నేర్చినది.

హోటలు నడపువారికి ఇందుగల లాభమును తెలిసికొందము. గది కూరగాయవంటి సరకు. నేటిరాత్రి అమ్ముడుపోని గదిని రేపు రెండుమార్లు అమ్మజాలరు. వ్యాపారప్రాంతములలోని హోటళ్ళకు సోమవారమునుండి గురువారమువరకు ఉద్యోగులు, వర్తకులు వత్తురు. శుక్రవారము సాయంకాలము వారు వెడలిపోవుదురు. ఖాళీపడిన ఆ రెండు రాత్రులకు స్థానికుల కుటుంబములు ఆధారము. విహారప్రాంతములలో ఇందుకు విరుద్ధముగా శనివారము ధర పెరిగి ఆదివారము రాత్రికి దిగును. అందుచేత సోమవారము సెలవు పెట్టగలిగినవారు ఆదివారము దిగినచో అదే గది తరచు చౌకగా దొరకును.

ఇక అతిథి పొందునదేమి? లెక్కకు అది స్వల్పము. మధ్యాహ్నము 3 గంటలకు గది యిచ్చి మరునాడు 11 గంటలకు ఖాళీచేయుమన్నచో మొత్తము 20 గంటలు. ఆ యిరువది గంటలలో దూరము పోవలసిన పని లేదు. చైనాటౌనులో దిగినవారు సాయంకాలము సౌత్ బ్రిడ్జి వీధికి నడచిపోయి, 1827లో స్థాపితమైన మారియమ్మన్ కోవెల గోపురము చూడవచ్చును. నాలుగడుగులు వేసి తెలోక్ ఆయర్ వీధిలోని చీనా దేవాలయము ముంగిట నిలువవచ్చును. లిటిల్ ఇండియాలో దిగినవారికి సెరంగూన్ వీధిలో పూలదండల యంగళ్ళు, శ్రీనివాస పెరుమాళ్ ఆలయము దగ్గరనే యున్నవి. ఇవన్నియు ఏండ్ల తరబడి బస్సు కిటికీలోనుండి చూచినవే. కాని పనిమీద పోవువాని కన్ను వేరు, పనిలేక నడచువాని కన్ను వేరు. తెల్లవారుజామున అంగళ్ళు తెరువకముందు అయిదడుగుల దారిలో నడచిన వానికి, తలుపులపై చెక్కడములు, నేలపై పూలపలకలు మొదటిసారిగా కంటబడును.

అయితే ఈ విడిదికి అసలు ప్రయోజనము నగరదర్శనము కాదని నా యభిప్రాయము. ఇంటిలోనే గడపు సెలవు పురుషునకు సెలవు కావచ్చును, ఇల్లాలికి కాదు. అందరును ఇంటనున్న ఆదివారమే ఆమెకు పని యెక్కువ. ఫలహారము పది గంటలవరకు సాగును. భోజనము ప్రత్యేకముగా నుండవలెను. మధ్యాహ్నము ఎవరో చుట్టములు వత్తురు. బంధువుల యింటికి పోయినను ఆమె కొంగు బిగించి ఆ వంటయింటిలో నిలువక తప్పదు. మన కార్తిక వనభోజనము ఎంత మంచి యాచారము! ఊరి ప్రక్క తోటలో, ఉసిరిచెట్టు నీడను, ఒక్కపూటలో ముగియు సెలవు అది. కాని అచటను పొయ్యి రాజేయువారు, కూరలు తరుగువారు ఎవరో ఒకసారి తలచుకొనుడు. హోటలులో గడపిన యిరువది గంటలలో ఆమెను ‘ఈ పూట ఏమి వండుదువు?’ అని అడుగువారు లేరు. దుప్పటి తానై పరచుకొననక్కరలేదు, తలుపు తట్టిన చప్పుడునకు లేవనక్కరలేదు. దూరప్రయాణము చేయకయే లభించు సెలవు ఇది. కాని తానింటలేని యిరువది గంటలలో ఇంటనున్న ముసలివారి భోజనమునకు ఏర్పాటు కూడ ఆమెయే చేసిపోవలసి వచ్చినచో, ఆ సెలవు మరల వట్టి మాటయే యగును. అది ఇతరులు చూచుకొనవలెను.

ఒక యాక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. ఒకరి విశ్రాంతి మరియొకరి పనిదినము కదా? నిజమే. ఆదివారము ఉదయము మనము ఆలస్యముగా లేచునప్పుడు, ఆ గదులు తుడిచి పరుపులు మార్చు స్త్రీ తన యింట పిల్లలను విడిచి వచ్చియుండును. కనుక గదిని పాడుచేయక, చెప్పిన వేళకు ఖాళీచేసి, ఆమెతో మర్యాదగా మాటాడుట అతిథి ధర్మము. అతిథికి హక్కులున్నట్లే నియమములును ఉన్నవని మనవారు ఏనాడో యెరుగుదురు.

ఇట్టి విడిదికి పోదలచినవారు ముందుగా అడిగి తెలిసికొనవలసిన విషయములు కొన్ని కలవు. మొదటిది కిటికీ. పాత యిండ్లలో నడుమ గదులకు కిటికీ లేకపోవచ్చును. ఆ గదులే చౌక. రెండవది మెట్లు. లిఫ్టు లేనిచోట మోకాళ్ళ నొప్పులవారికి క్రింది గది అడుగవలెను. మూడవది చప్పుడు. వీధివైపు గదికి అందమెక్కువ, నిద్ర తక్కువ. నాలుగవది పిల్లల పడక. గది చిన్నదైనచో అదనపు పరుపు పట్టదు. అయిదవది బిల్లు. సింగపూరులో ధర ప్రక్కన రెండు కూడికగుర్తులు వేయుదురు. 200 డాలర్ల గదికి నూటికి పది చొప్పున సేవారుసుము చేర్చగా 220. దానిపై నూటికి తొమ్మిది చొప్పున పన్ను చేర్చగా 239 డాలర్ల 80 సెంట్లు. ఆ తొమ్మిది వంతుల పన్ను 2024 జనవరి నుండి అమలులోనున్నది. మనదేశములో రోజుకు రూ. 7,500 వరకుగల గదులపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 12 నుండి 5కు తగ్గినది. అంతకు మించినవానిపై 18.

మన ప్రాంతమున పాత భవనము హోటలైన ప్రసిద్ధోదాహరణము హైదరాబాదులోని ఫలక్‌నుమా. 1884లో శంకుస్థాపన జరిగిన ఆ మహలు, 2010లో 60 గదుల హోటలుగా తెరువబడినది. అది చూడదగిన సౌధమే కాని సామాన్యకుటుంబమునకు అందు ఒక రాత్రి బస దుర్లభము. మనకు కావలసినవి మహళ్ళు కావు. కాకినాడలోను, రాజమండ్రిలోను, బందరులోను మండువా లోగిళ్ళు ఇంకను కొన్ని మిగిలియున్నవి. అన్నదమ్ముల పంపకములలో చీలి, అద్దెకు చాలక, మరమ్మతునకు నోచుకొనక అవి నిలిచియున్నవి. వానిలో ఒకటి రెండింటిని ఎనిమిది పది గదుల విడుదులుగా మార్చగల యజమాని యుండి, నెలకొకసారి ఊరిలోని యొక కుటుంబము అచట దిగి, మండువాలో వాన కురియుట చూచుచు కాఫీ త్రాగగలిగినచో, ఆ యింటికి కప్పును, ఆ కుటుంబములోని యిల్లాలికి ఒక పూట తీరికయు దక్కును. ఇందుకు పెద్ద సంస్థలు రానక్కరలేదు. ఇల్లు పడగొట్టించుటకు ముందు, దానిని నిలుపుటకు ఏమి కర్చగునో ఒకసారి మేస్త్రిని పిలిచి లెక్క వేయించిన చాలును.